యూనివర్సిటీకి విపత్తు ప్లాన్ రాయమన్నారు: తుఫాన్లు, లాక్‌డౌన్లు చూసినవాళ్ళు కాస్త చెప్పండి

ఫైలు_మోసేవాడు
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. కోస్తాలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నాను. యూనివర్సిటీలకి గుర్తింపు ఇచ్చే నాక్ బృందం వస్తోందని పోయిన వారం మీటింగులో ఒక్కో ఫైలూ ఒక్కొక్కరి నెత్తిన పెట్టారు. నా వంతుకు 'విపత్తు నిర్వహణ ప్రణాళిక' పడింది. గడువు నెలాఖరు. పాత ఫైలు ఉంది కదా, తేదీ మార్చి ఇచ్చెయ్యమన్నారు మా హెచ్‌వోడీ గారు.

తెరిచి చూశాను. నలభై పేజీలు. అందులో మంచు తుఫాను వస్తే ఏం చేయాలో ఒక పేజీ ఉంది! మా ఊళ్ళో మే నెలలో చెప్పుల్లేకుండా గుమ్మం దాటలేం. ఎక్కడినుంచో దించేశారని అర్థమైంది. మామూలు తుఫాను గురించి మాత్రం ఐదే లైన్లు. కమిటీ సమావేశమవుతుంది, తగిన చర్యలు తీసుకుంటుంది. అంతే.

సముద్రం మాకు పన్నెండు కిలోమీటర్లు. హాస్టళ్ళలో పదహారు వందల మంది పిల్లలు. ఈ ఒక్కసారైనా సరిగ్గా రాద్దామనిపించింది. మీరు చదివిన చోట, పనిచేసిన చోట నిజంగా ఆపద వచ్చినప్పుడు ఏం నడిచింది, ఏం ఆగిపోయింది? కాలేజీల పేర్లు అక్కర్లేదు, జరిగింది చెప్పండి చాలు.

టీ_కప్పు
సోమవారం, రాత్రి 9:20

మంచు తుఫాను పేజీ తీసెయ్యకండి సార్. పేజీల లెక్క తగ్గితే మార్కులు తగ్గుతాయి.

సిగ్నల్_నంబర్_పది
సోమవారం, రాత్రి 10:47

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్. అప్పుడు విశాఖలో పీజీ రెండో ఏడాది, హాస్టల్లో ఉన్నాను. ఏ క్యాంపస్ అని అడగొద్దు, చెప్పేదాంట్లో తిట్లు కూడా ఉన్నాయి.

దగ్గర ఊళ్ళవాళ్ళు శుక్రవారమే ఇళ్ళకి వెళ్ళిపోయారు. దూరం వాళ్ళం రెండొందల మంది దాకా మిగిలాం. శనివారం రాత్రి వార్డెన్ గారు వచ్చి కిటికీల కింద పడుకోవద్దు, మంచాలు లోపలి గోడకి జరుపుకోండి, బకెట్లన్నీ నింపి పెట్టుకోండి అని చెప్పి వెళ్ళారు. ఆ మూడు మాటలూ పనికొచ్చాయి. తెల్లారేసరికి కిటికీ రెక్కలు ఒక్కొక్కటే ఊడి ఎగిరిపోతున్నాయి. గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా వీచిందని తర్వాత చదివాం. ఆ రోజు మాకు తెలిసింది చప్పుడే. పక్కన కూర్చున్నవాడు అరిచినా వినపడదు.

మధ్యాహ్నం ఒక్కసారిగా గాలి ఆగింది. ఆకు కదల్లేదు, అంటే మిగిలిన ఆకు. అయిపోయిందనుకుని అందరూ ఫోన్లు పట్టుకుని బయటికి పరిగెత్తారు. మెస్‌లో వంట చేసే మావయ్య ఒకాయన ఉండేవాడు, భీమిలి వైపు మనిషి, వాళ్ళింట్లో అందరూ వేటకి వెళ్ళేవాళ్ళే. చేతిలో గరిటతో వరండాలోకి వచ్చి, "లోపలికి రండ్రా సన్నాసుల్లారా, ఇంకా సగమే అయినాది!" అని ఒకటే అరుపు. తుఫాను కన్ను, అంటే గాలి ఆగిపోయే నడిబొడ్డు, మా నెత్తి మీదుంది అప్పుడు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మొదలైంది. పొద్దున్నంతా ఒకవైపు వంగిన చెట్లు ఈసారి రెండోవైపు వంగలేక ఫటఫటా విరిగాయి. కన్ను అంటే ఏమిటో హాస్టల్ నోటీసు బోర్డులో ఎవరూ రాయలేదు. ఆ మావయ్య లేకపోతే ఎంతమంది ఆ చెట్ల కింద ఉండేవారో.

సాయంత్రం మూడో అంతస్తు వరండాలో నిలబడితే సముద్రం కనిపించింది. ఏడాదిన్నరగా అక్కడే ఉంటున్నా, అక్కడినుంచి సముద్రం కనపడుతుందని తెలియదు. మధ్యలో ఉన్న చెట్లన్నీ పడిపోయాయి.

ఇక తిట్లు. జనరేటర్ ఉంది, డీజిలూ ఉంది. ఆ గది తాళంచెవి ఎలక్ట్రీషియన్ దగ్గర. ఆయన ఇల్లు పెందుర్తి దాటాక. రోడ్ల మీద చెట్లు, స్తంభాలు. ఫోన్లు లేవు. మంగళవారం మధ్యాహ్నానికి సైకిల్ కొంత తొక్కుతూ, కొంత భుజాన మోస్తూ వచ్చాడు పాపం. ఆయన ఇంటి రేకులు లేచిపోయాయి, అయినా వచ్చాడు. తిట్టేది ఆయన్ని కాదు, ఒకే చెవి చేయించిన పెద్దల్ని. ఆ రెండు రోజులూ సంపు మూత తీసి బకెట్‌కి తాడు కట్టి తోడాం. మూడో అంతస్తుకి బకెట్లు మోశాక స్నానం అనే మాటే మర్చిపోయాం.

గ్యాస్ ఆరు సిలిండర్లు మిగిలాయి. వంట మావయ్య లెక్కేసి, టీకీ పప్పుకీ గ్యాస్, అన్నానికి కట్టెలు అన్నాడు. పడిన కొమ్మలు కొట్టి తెచ్చాం. పచ్చి కట్టె, పైగా తడి. ఆ పొగకి ఏడుస్తూ తిన్నాం. అన్నం, పచ్చిపులుసు, ఉల్లిపాయ. రెండొందల మందికి వండింది ముగ్గురు. ముగ్గురూ కాంట్రాక్టు మనుషులే, ముగ్గురూ ఇంటికి వెళ్ళలేదు. వాళ్ళ ఇళ్ళు ఉన్నాయో లేవో కూడా వాళ్ళకి అప్పటికి తెలియదు. మీ కమిటీలో ప్రొఫెసర్లు ఎంతమంది ఉన్నారో తెలియదు గానీ సార్, ఒక వంటాయన్ని పెట్టండి.

టీ_కప్పు
సోమవారం, రాత్రి 10:58

తమ్ముడూ, పచ్చిపులుసు అంటే ఇప్పటికీ పొగ వాసన వస్తుందా?

సిగ్నల్_నంబర్_పది
సోమవారం, రాత్రి 11:03

వస్తుందన్నా. మా ఆవిడ చేస్తే పొగ లేదేంటి అంటాను.

చాక్‌పీసు_పొడి
మంగళవారం, ఉదయం 6:05

రిటైరైన కెమిస్ట్రీ మాస్టారిని. నేనూ ఆ ఊళ్ళోనే ఉన్నాను ఆ రోజు. 1926లో మొదలైన ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆ ఒక్క పూటలో వేల చెట్లు పోయాయి. మా గురువుల కాలం నాటి నీడ అది. వారం తర్వాత వెళ్ళి చూస్తే దారి గుర్తుపట్టలేకపోయాను.

హాస్టల్ సంగతి తమ్ముడు చెప్పాడు. నేను ల్యాబ్ సంగతి చెబుతాను, ఎందుకంటే ప్లాన్లు రాసేవాళ్ళు దీన్ని మర్చిపోతారు. మేం సోడియం లోహాన్ని కిరోసిన్లో ముంచి సీసాల్లో ఉంచుతాం. దానికి నీళ్ళు తగిలితే భగ్గుమంటుందని ఇంటర్ పిల్లాడికీ తెలుసు. కిటికీలు పగిలి గదిలోకి వాన కొడుతుంటే, కిటికీ పక్క బల్ల మీద ఆ సీసాలుంటే? పక్కనే ఇట్టే అంటుకునే ఈథర్ ఉంటే? శనివారం పొద్దున నాకు ఆ ఆలోచన వచ్చి చెమటలు పట్టాయి. నేనూ, మా అటెండరూ వెళ్ళి సోడియం సీసాలన్నీ స్టీలు బీరువాలోకి, మండే ద్రావకాలు వేరే గదిలోకి మార్చాం. రెండు గంటల పని. మాకు ఎవరూ చెప్పలేదు, ఏ కాగితంలోనూ లేదు. సోమవారం వెళ్ళి చూస్తే ఆ బల్ల మీద నీళ్ళలో గాజు పెంకులు పడి ఉన్నాయి.

పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళకి అంత అదృష్టం లేదు. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్లో ఒక అమ్మాయి మూడేళ్ళ పీహెచ్‌డీ నమూనాలు ఉన్నాయి. కరెంటు పోయాక తలుపు తెరవకుండా ఉంచితే కొంతసేపు ఆగుతుంది గానీ రోజుల తరబడి ఎక్కడ ఆగుతుంది? ఐస్ కోసం ఫిషింగ్ హార్బర్ దాకా నడిచింది. కరెంటు లేకపోతే అక్కడ మాత్రం ఐస్ ఎక్కడిది? ఖాళీ డబ్బాతో తిరిగొచ్చింది. ఆ తర్వాత మళ్ళీ మొదటినుంచి చేసుకుంది, అదనంగా రెండేళ్ళు పట్టింది. ఫెలోషిప్ మాత్రం పెంచలేదు.

అమెరికాలో పెద్దపెద్దవాళ్ళకే తప్పలేదు. 2012లో శాండీ తుఫానుకి న్యూయార్క్ యూనివర్సిటీ వైద్య కళాశాల నేలమాళిగలోకి నీళ్ళొచ్చి ప్రయోగాల ఎలుకలు వేలల్లో చచ్చిపోయాయి. కాబట్టి ఫైలు సార్, ఏ గదిలో ఏముంది, నీళ్ళు పడితే ఏది ప్రమాదం, కరెంటు పోతే ఏది పాడవుతుంది అని ల్యాబ్‌కి ఒక కాగితం చొప్పున రాయించండి. తలుపు మీద అతికించండి. ఫైరింజన్ వాళ్ళు వచ్చినా అదే చూస్తారు.

డాలస్_బాబాయ్
మంగళవారం, ఉదయం 8:30

మాస్టారూ నమస్తే. ఇక్కడి ముచ్చట ఒకటి. న్యూ ఆర్లీన్స్‌లో టులేన్ యూనివర్సిటీ ఉంది. 2005 ఆగస్టు 27 శనివారం, కొత్త పిల్లలు అమ్మానాన్నలతో వచ్చి గదుల్లో సామాను దించుకునే రోజు. కత్రీనా తుఫాను వస్తోందని అదే రోజు వాళ్ళని వెనక్కి పంపేశారు. వెళ్ళడానికి దారి లేని పిల్లల్ని గాలికి వదల్లేదు, బస్సులెక్కించి పక్క రాష్ట్రంలో జాక్సన్ స్టేట్ యూనివర్సిటీకి చేర్చారు. సోమవారం తుఫాను కొట్టింది, ఊరు మునిగింది. ఆ సెమిస్టర్ మొత్తం మూత. టులేన్ పిల్లల్ని దేశమంతా వేరే యూనివర్సిటీలు చేర్చుకుని పాఠాలు చెప్పాయి. 2006 జనవరిలో మళ్ళీ తెరిచారు.

మూసి ఉన్నప్పుడు వాళ్ళని వేధించింది జీతాల సంగతి. లెక్కలున్న కంప్యూటర్ టేపులు మునిగిన ఊళ్ళో ఒక భవనంలో ఉండిపోయాయి. మనుషుల్ని పంపి తెప్పించుకుని జీతాలు వేశారు. అంతా గొప్పగా జరిగిందనీ అనను. ఆ డిసెంబర్‌లోనే సివిల్, మెకానికల్ లాంటి ఇంజినీరింగ్ విభాగాలు ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. తుఫాను పోయాక ఉద్యోగాలు పోయినవాళ్ళున్నారు.

మీ దగ్గర్లో ఏ కాలేజీతోనైనా ముందే ఒక ఒప్పందం రాసుకోండి: మీకు కష్టమొస్తే మీ పిల్లలు మా దగ్గర, మాకొస్తే మా పిల్లలు మీ దగ్గర అని. సముద్రానికి దూరంగా ఉన్న కాలేజీ చూసుకోండి, పక్కింటి కాలేజీతో రాసుకుంటే ఇద్దరూ కలిసి మునుగుతారు.

ఎన్‌వోసీ_బాధితురాలు
మంగళవారం, మధ్యాహ్నం 1:15

తుఫాను మూడు రోజుల్లో పోతుంది. నేను 2020 మార్చి సంగతి చెబుతాను.

హైదరాబాద్‌లో ఎంఎస్సీ, కాలేజీ హాస్టల్లో ఉండేదాన్ని. మాది గుంటూరు వైపు పల్లె. 24వ తేదీ రాత్రి లాక్‌డౌన్ అని ప్రకటించారు. 25 పొద్దున హాస్టల్ ఇన్‌చార్జి మేడం ఫ్లోర్ ఫ్లోర్ తిరిగి, "సాయంత్రానికి ఖాళీ చెయ్యాలమ్మా, మెస్ మూసేస్తున్నాం" అన్నారు. బస్సుల్లేవు, రైళ్ళు లేవు. ఎలా వెళ్ళాలి అని అడిగితే పోలీస్ స్టేషన్లో ఎన్‌వోసీ, అంటే ఊరికి వెళ్ళడానికి అనుమతి కాగితం, ఇస్తున్నారట, తెచ్చుకోండి అన్నారు. స్టేషన్ ముందు లైను చూడాలి! మనిషికి మనిషికి దూరం పాటించమని ఒకవైపు, వేల మంది ఒకరి మీద ఒకరు ఒకవైపు. కాగితం చేతికొచ్చింది. నలుగురం కలిసి కారు మాట్లాడుకుని, మామూలు కంటే ఐదు రెట్లు ఇచ్చి బయలుదేరాం. గరికపాడు దగ్గర సరిహద్దులో ఆపేశారు. తెలంగాణ ఇచ్చిన కాగితం ఆంధ్రాలో చెల్లదు. ముందుకి పోనివ్వరు, వెనక్కి వెళితే హాస్టల్ లేదు. రోడ్డు మీద అమ్మాయిలం, రాత్రి, బాత్‌రూమ్ లేదు. పక్క ఊరివాళ్ళు ఎవరో పులిహోర పొట్లాలు, నీళ్ళు తెచ్చి ఇచ్చారు.

తర్వాత మా కాలేజీ పత్రికలో ఒక ఫొటో కింద చదివాను: 'లాక్‌డౌన్ వేళ విద్యార్థులను సురక్షితంగా ఇళ్ళకు చేర్చాం' అని.

హాస్టల్ ఖాళీ చేయించడాన్ని రక్షణ అని మాత్రం మీ ప్లాన్‌లో రాయకండి సార్. గేటు దాటాక మా బాధ్యత కాదని దానర్థం.

పాత_వార్డెన్
మంగళవారం, రాత్రి 9:50

అమ్మా, మీకు జరిగింది తప్పే. కాదనను. కానీ ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా రెండో వైపు కూడా చెప్పాలి.

మాది వేరే ఊరు, వేరే యూనివర్సిటీ. తొమ్మిది వందల మంది పిల్లలు, గదికి ముగ్గురు, అంతస్తుకి ఎనిమిది బాత్‌రూములు. ఒక్కడికి వస్తే వారంలో అందరికీ. క్యాంపస్ డిస్పెన్సరీలో పారాసిటమాల్, బ్యాండేజీ తప్ప ఏముంటాయి? ఊళ్ళో పెద్దాసుపత్రిలోనే అప్పటికి సరిపడా పడకల్లేవు. తల్లిదండ్రులు ఒకటే ఫోన్లు, మా పిల్లని పంపించండి అని. అందుకే మేం ఖాళీ చేయించాం, అయితే మార్చి మధ్యలోనే. కాలేజీలకి సెలవులిచ్చిన రోజు సాయంత్రమే. బస్సులు తిరుగుతున్నప్పుడు. తేడా అంతా ఆ పది రోజుల్లో ఉంది. ముందు చెబితే అది జాగ్రత్త, లాక్‌డౌన్ ప్రకటించాక చెబితే మీరన్నట్టు గెంటెయ్యడమే.

అరవై మందిని మాత్రం ఉంచేశాం. ఈశాన్య రాష్ట్రాల పిల్లలు, ఆఫ్రికా దేశాల పిల్లలు, విమానాలు ఆగిపోయాయి కదా. ఇంటికి పోతే చదువు సాగదన్న ముగ్గురు అమ్మాయిలు కూడా. ఆ ముగ్గురి సంగతి రాసి పెట్టుకోవడానికి ఏ ఫారంలోనూ కాలమ్ లేదు. ఒకమ్మాయి వచ్చి, "సార్, ఇంటికెళితే పెళ్ళి చేసేస్తారు" అంది. ఉండిపోమ్మా అన్నాను.

ఎలా నడిపామంటే, ఒక్కో గదికి ఒక్కరే. వంటవాళ్ళు నలుగురు లోపలే ఉండిపోవాలి, పధ్నాలుగు రోజులకి ఇంకో నలుగురు వస్తారు. వాళ్ళకి గెస్ట్‌హౌస్ ఏసీ గదులు ఇచ్చాను. దాని మీద నాకు మెమో వచ్చింది, అది వేరే కథ. కూరగాయలు గేటు దగ్గర దించుకుని ఉప్పునీళ్ళలో కడిగేవాళ్ళు. పళ్ళెం గుమ్మం ముందు పెట్టి తలుపు కొట్టి వెళ్ళిపోవడం. మొదటివారం పిల్లలు నవ్వుకున్నారు. మూడోవారానికి ఒకడు తలుపు తీయడం మానేశాడు. పళ్ళెం అలాగే ఉండేది. అప్పుడు అర్థమైంది, అన్నం ఒక్కటీ సరిపోదని. రోజూ సాయంత్రం ఐదింటికి వరండాలో ఆరడుగుల దూరంలో కుర్చీలేసి అరగంట కూర్చోబెట్టడం మొదలుపెట్టాం. పాట వచ్చినవాడు పాడతాడు, రానివాడు తిడతాడు. ఇథియోపియా అబ్బాయి ఒకడు పెసరట్టు వేయడం నేర్చుకున్నాడు.

ఎన్‌వోసీ_బాధితురాలు
మంగళవారం, రాత్రి 10:20

సార్, మీలాంటి వార్డెన్ మాకుంటే ఈ పోస్ట్ రాసేదాన్ని కాదు. కానీ అది మీ మంచితనం మీద నడిచింది. మీకు మెమో కూడా వచ్చిందంటున్నారు. మంచి వార్డెన్ దొరకని హాస్టల్ సంగతేంటి? అందుకే కాగితం మీద ఉండాలి: ఎవరైనా వెళ్ళలేకపోతే ఉండొచ్చు, కారణం అడగకూడదు అని.

పాత_వార్డెన్
మంగళవారం, రాత్రి 10:31

ఒప్పుకున్నానమ్మా. కారణం అడగకూడదు అన్న మాట నాకు తట్టలేదు. అదే సరైనది.

స్పర్శ_లిపి
బుధవారం, ఉదయం 7:40

చిన్న మాట. నాకు చూపు లేదు. 2020లో డిగ్రీ చివరి ఏడాది. క్లాసులు ఆన్‌లైన్‌లో పెట్టారు, మాస్టారు బోర్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేవారు. ఫొటోని నా ఫోన్ చదవలేదు. పరీక్షలకి నేను చెబితే రాసే స్క్రైబ్ పక్కన కూర్చోవాలి, ఆరడుగుల దూరం అంటే ఎలా? నెల రోజులు ఎవరూ జవాబు చెప్పలేదు. హాస్టల్లో అలారం మోగితే అందరూ పరిగెత్తారు, నాకు మెట్లెటో తెలుసు గానీ ఆ తోపులాటలో దిగలేను. ప్లాన్‌లో 'దివ్యాంగులకు ప్రత్యేక శ్రద్ధ' అని రాయకండి. గది నంబరు రాయండి, ఆ గదికి వచ్చే మనిషి పేరు రాయండి.

ఖార్కివ్_బ్యాచ్
బుధవారం, మధ్యాహ్నం 12:10

నేను ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ చదివాను. యుద్ధం మొదలైన 2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున బాంబుల చప్పుళ్ళకి లేచాం. వారం రోజులు హాస్టల్ నేలమాళిగలో. పైకి వెళ్ళి అన్నం వండుకుని, కుక్కర్ పట్టుకుని కిందికి దిగేవాళ్ళం. కుక్కర్ కూతకి కూడా ఉలిక్కిపడేవాళ్ళం. మార్చి 2న ఎంబసీ వాళ్ళు వెంటనే ఖార్కివ్ వదలండి, దొరికింది ఎక్కండి, లేకపోతే నడవండి అన్నారు. పిసోచిన్ దాకా నడిచాం. మంచులో. మీ ఫైల్లో మంచు తుఫాను పేజీ నాకు ఉపయోగపడేది సార్.

ఇక్కడ చెప్పదలుచుకుంది రెండు సంగతులు. మార్చి నెలలోనే మా క్లాసులు ఆన్‌లైన్‌లో మళ్ళీ మొదలయ్యాయి. ఊరి మీద బాంబులు పడుతున్నాయి. మా అనాటమీ మేడం పడమటి వైపు ఎక్కడో బంధువుల ఇంట్లో ఉండి పాఠం చెప్పేవారు. మధ్యలో సైరన్ మోగేది. 'ఐదు నిమిషాలు' అని చెప్పి వెళ్ళేవారు. మేం ఒంగోల్లో, గుంటూరులో, కరీంనగర్లో కూర్చుని ఖాళీ కుర్చీని చూస్తూ ఉండేవాళ్ళం. ఒకోసారి అరగంట. ఆవిడ తిరిగొచ్చి ఆపిన ఎముక దగ్గరే మొదలుపెట్టేవారు. హాజరు తీసుకునేవారు కూడా. ఆ హాజరు ఎందుకో అప్పుడు చిరాకు. ఇప్పుడు అనిపిస్తుంది, మేం బతికే ఉన్నామో లేదో ఆవిడ చూసుకునేవారేమో.

రెండోది సర్టిఫికెట్లు. ఒరిజినల్స్ డీన్ ఆఫీసులో ఉండిపోయాయి. బ్యాగు సర్దుకునే వేళ ఆఫీసు ఎవరు తెరుస్తారు? ఆ సెప్టెంబర్‌లో వేరే దేశాల యూనివర్సిటీలకి మారొచ్చని మన జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) ఒప్పుకున్నా, చేతిలో కాగితం లేక మా బ్యాచ్‌లో చాలామంది నెలలు పోగొట్టుకున్నారు.

డాలస్_బాబాయ్
బుధవారం, సాయంత్రం 6:45

బాబూ, ఆ మేడం గురించి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

సర్టిఫికెట్ల మాట మన దగ్గరా పనికొస్తుంది. విద్యార్థుల ఒరిజినల్స్ కాలేజీలు పట్టుకుని కూర్చోకూడదని 2018లోనే యూజీసీ, అదే యూనివర్సిటీలకి నియమాలు పెట్టే కేంద్ర సంస్థ, చెప్పింది. అయినా ఫీజు బాకీ అని బీరువాలో పెట్టుకునే చోట్లు ఉన్నాయి కదా? ఆ బీరువా మునిగితే ఎవరు జవాబు చెబుతారు?

గోడ_మీద_పిల్లి
బుధవారం, రాత్రి 8:02

ఒకాయన అయితే మా జిల్లాలో... (కాలేజీ పేరు తొలగించబడింది)

నిర్వాహకుడు
బుధవారం, రాత్రి 8:10

పేర్లు వద్దని మొదటి పోస్ట్‌లోనే ఉంది. విషయం రాయండి, పేరు వదిలెయ్యండి.

గుమాస్తా_గిరి
బుధవారం, రాత్రి 11:25

ఎగ్జామినేషన్ సెక్షన్లో ఇరవై రెండేళ్ళు. అందరూ పిల్లల గురించి మాట్లాడుతున్నారు, పరీక్షల గురించి నేను చెబుతాను. పిల్లాడి ప్రాణం తర్వాత వాడికి ముఖ్యమైనది మార్కుల మెమోనే.

2020లో మాకు నిద్ర లేదు. ఏప్రిల్ 29న యూజీసీ ఒక మాట, జులై 6న ఇంకో మాట: చివరి ఏడాది పరీక్షలు సెప్టెంబరాఖరుకి పెట్టి తీరాలి. కొన్ని రాష్ట్రాలు పెట్టం అన్నాయి. కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఆగస్టు 28న తీర్పు: పరీక్ష లేకుండా చివరి ఏడాదివాళ్ళని పాస్ చేయడానికి వీల్లేదు, కావాలంటే గడువు పొడిగించమని యూజీసీని అడుక్కోవచ్చు. ఈ మధ్యలో రోజుకి రెండొందల ఫోన్లు. "సార్ పరీక్ష ఉందా లేదా?" నాకు తెలిస్తే కదా!

ఉంది అని తేలాక అసలు పని మొదలైంది. పిల్లలు ఊళ్ళకి వెళ్ళిపోయారు. కాలేజీ ఉన్న ఊరికి రమ్మంటే బస్సుల్లేవు. దాంతో ఎవరి ఊరికి దగ్గర్లో వాళ్ళు రాసుకోవచ్చని సెంటర్ మార్పు ఇచ్చాం. వినడానికి తేలికే. ఒక్కో సెంటర్‌కి ముప్పై రకాల సబ్జెక్టుల పేపర్లు పంపాలి, కొన్నింటికి ఒక్కడే విద్యార్థి. గదికి ఇరవై నలుగురి బదులు పన్నెండు మంది. ఆన్సర్ షీట్ల కట్టలు వచ్చాక రెండు రోజులు ముట్టుకోకుండా గదిలో ఉంచి, తర్వాత కోడింగ్‌కి, అంటే హాల్‌టికెట్ నంబర్లు కనపడకుండా కోడ్ నంబర్లు వేసే పనికి, ఇచ్చాం. మా సెక్షన్లో ఒకాయనకి జబ్బు చేసింది, పోయాడు. ఆయన పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. చెప్పకూడని మాటే, ఆయన దినం కూడా కాకముందే ఆ పాస్‌వర్డ్ కోసం వాళ్ళబ్బాయికి ఫోన్ చేయాల్సి వచ్చింది. ఆ ఫోన్ చేసింది నేనే.

ప్లాన్‌లో ప్రతి పనికీ రెండో మనిషి పేరు రాయించండి. మార్కుల బ్యాకప్ డిస్కు సర్వర్ పక్క బీరువాలో పెడతారు చాలాచోట్ల. మంటొస్తే రెండూ కలిసే పోతాయి. వేరే ఊళ్ళో ఉంచండి.

ఇద్దరు_పిల్లల_తండ్రి
గురువారం, ఉదయం 9:00

నాకు చదువు తక్కువ. మా అమ్మాయి మీలాంటి యూనివర్సిటీలోనే. మొన్న తుఫానప్పుడు వాట్సాప్‌లో గోడ కూలింది, నలుగురు పోయారు అని ఒకటే మెసేజీలు. అమ్మాయి ఫోన్ కలవదు. కాలేజీ నంబరు ఎత్తరు. వాళ్ళ ఫేస్‌బుక్‌లో మాత్రం ఫౌండర్ గారి పుట్టినరోజు శుభాకాంక్షలు. రాత్రంతా నేనూ మా ఆవిడా దీపం ముందు కూర్చున్నాం. తెల్లారి తెలిసింది కూలింది సైకిల్ షెడ్డు, ఎవరికీ ఏమీ కాలేదు. రెండు ముక్కలు రాస్తే ఏం పోయేది?

డాలస్_బాబాయ్
గురువారం, ఉదయం 9:40

అన్నగారు చెప్పింది చాలా పెద్ద విషయం. 2007 ఏప్రిల్ 16న అమెరికాలో వర్జీనియా టెక్ యూనివర్సిటీలో పొద్దున ఏడుంపావుకి ఒక విద్యార్థి హాస్టల్లో ఇద్దర్ని కాల్చాడు. క్యాంపస్ అంతటికీ మొదటి ఈమెయిల్ వెళ్ళింది 9:26కి. కాసేపటికే వాడు ఇంకో భవనంలో తలుపులకి గొలుసులు కట్టి మిగతావాళ్ళని చంపాడు. మొత్తం 32 మంది. కాల్చినవాడు క్యాంపస్ వదిలి వెళ్ళిపోయాడని పోలీసులు అనుకున్నారు. ప్రమాదం అని తేలిన వెంటనే క్యాంపస్‌కి చెప్పాలని మరుసటి ఏడాది చట్టమే తెచ్చారు. మా అబ్బాయి కాలేజీలో ఇప్పుడు నెలకోసారి సైరన్ మోగించి చూస్తారు, ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. విసుక్కుంటాడు వాడు.

తెలిసింది తెలిసినట్టు చెప్పాలి, తెలియనిది ఇంకా తెలియదు అని చెప్పాలి, మళ్ళీ ఎన్నింటికి చెబుతారో ఆ టైమ్ చెప్పాలి. 'గంటకి ఇంకో మెసేజ్ పెడతాం' అంటే ఆ తల్లీతండ్రీ గంటసేపైనా కళ్ళు మూసుకునేవారు.

సిగ్నల్_నంబర్_పది
గురువారం, ఉదయం 10:15

ఆ మెసేజ్ ఫోన్ టవర్లు పనిచేస్తేనే. హుద్‌హుద్‌కి అన్నీ పడిపోయాయి. మా బ్లాక్‌లో ఒకడు నోటుబుక్కు తీసి అందరి పేర్లూ, ఇంటి నంబర్లూ రాశాడు. సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ ఇద్దరు నడిచి వెళ్ళి, ఒక్కో ఇంటికీ 'మీవాడు బాగున్నాడు' అని ఒకే ఒక్క ముక్క చెప్పి పెట్టేశారు. మా అమ్మ ఆ కుర్రాడి గొంతు ఇప్పటికీ గుర్తుందంటుంది. సార్, ఒక మెగాఫోన్, ఒక నోటుబుక్కు కూడా రాయండి ఫైల్లో.

ఫైలు_మోసేవాడు
శుక్రవారం, రాత్రి 8:55

అందరికీ దణ్ణం. మీ పోస్టులన్నీ ప్రింటు తీసుకుని మళ్ళీ మళ్ళీ చదివాను. నలభై పేజీలు తొమ్మిదికి దించాను. మెస్ ఇన్‌చార్జిని కమిటీలో వేయమని రాశాను, హెచ్‌వోడీ గారు కళ్ళజోడు మీంచి చూసి, "వంటాయనా?" అన్నారు. ఉంచాను. 'వెళ్ళలేనివారు ఉండవచ్చు, కారణం అడగరాదు' అన్న లైన్ మీద మేనేజ్‌మెంట్ ఇంకా ఏమీ అనలేదు. అంటారు.

సిగ్నల్ తమ్ముడి పోస్ట్ చదివాక ఈరోజు మా జనరేటర్ గది తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుందామని వెళ్ళాను. సెక్యూరిటీ వాళ్ళు మెయింటెనెన్స్‌ని అడగమన్నారు, మెయింటెనెన్స్ వాళ్ళు స్టోర్స్‌ని అడగమన్నారు. స్టోర్స్‌లో డబ్బా నిండా చెవులు, ఒక్కదానికీ చీటీ లేదు. డబ్బా మొత్తం పట్టుకెళ్ళి గంటంపావు ఒక్కోటీ పెట్టి చూశాం. ఏదీ పట్టలేదు. ఆ తాళం వేసినాయన రిటైరై మూడేళ్ళయిందట. పగలగొట్టి కొత్తది వేయించి, మూడు చెవులు చేయించమని ఇండెంట్ పెట్టాను.

టీ_కప్పు
శుక్రవారం, రాత్రి 9:01

ఇండెంట్ మీద సంతకం ఎవరు పెట్టాలి సార్?

ఫైలు_మోసేవాడు
శుక్రవారం, రాత్రి 9:04

రిజిస్ట్రార్ గారు. సోమవారం దాకా లీవు.

సిగ్నల్_నంబర్_పది
శుక్రవారం, రాత్రి 9:10

ఈ ఆదివారానికి అల్పపీడనం అంటున్నారు సార్, వాతావరణం చూసుకోండి. ముందు తాళం పగలగొట్టండి, సంతకం తర్వాత.